వేడి చేసిందనుకున్న బుధవారం

...పైగా అది నీళ్ళు. ఇంకెక్కడ ఉన్నా సరే, ఆ ట్యూబులో మాత్రం వైరస్ ఉండకూడదు. ప్రయోగశాలలో ఆమె అందులో పోసింది వడగట్టి, సీలు వేసి పెట్టిన శుద్ధమైన నీళ్ళు. పండ్లముక్కల నమూనాకి ఏమేం చేసిందో ఆ నీళ్ళకీ వరసగా అవన్నీ చేసింది. అదే కడగడం, అదే తిప్పడం, అవే మందులు. చివరికి యంత్రం అందులో ఏమీ లేదని చెప్పాలి. అలా చెబితేనే మిగతా ట్యూబుల సాక్ష్యం చెల్లుతుంది. దాన్ని బ్లాంక్ అంటారు. ఏమీ లేదని చెప్పడానికే పుట్టిన ట్యూబు. అలాంటి దానిలో ముప్పై ఏడో చుట్టు దగ్గర ఒక పలచని గీత తల ఎత్తింది.

యంత్రం ఒక్కో చుట్టులో వైరస్ ముక్కల్ని రెట్టింపు చేస్తూ పోతుంది. గీత ఎంత ఆలస్యంగా లేస్తే సరుకు అంత తక్కువ ఉన్నట్టు. ముప్పై ఆరు దాటాక లేచిన గీతని పట్టించుకోనక్కర్లేదని నియమం. ఆ నియమం రాసింది ఆమే. పండ్లముక్కల గీత ముప్పై నాలుగు దగ్గర లేచింది. ముప్పై నాలుగైతే నేరం, ముప్పై ఏడైతే దుమ్ము. ఈ మూడు చుట్ల సందులో ఇప్పుడొక మనిషి ఇరుక్కుని ఉంది.

ఆ మనిషి కింద ముందుగదిలో బల్ల మీద కూర్చుని ఉంది. బడిలో వంటమ్మ. పోయిన వారం ఆ బడిలో అరవై రెండు మంది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాంతులతో, విరేచనాలతో పడిపోయారు. పిల్లల నమూనాల్లో వైరస్ దొరికింది. మంగళవారం మధ్యాహ్నం పెట్టిన పండ్లముక్కల డబ్బా ఫ్రిజ్‌లో మిగిలి ఉంటే, అందులోనూ దొరికింది. శుక్రవారం ప్రయోగశాల నుంచి ఆ మాట ఫోన్‌లో బడికి చెప్పగానే వంటమ్మని ఇంటికి పంపేశారు. ఈ సాయంత్రం నాలుగింటికి నివేదిక మీద సంతకం పడితే ఇక వంటింటి గడప తొక్కనివ్వరు. వంటమ్మ నమూనా తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. పండ్లలో దొరికాక ఇంకా దేనికన్నారు.

"అమ్మా, ఆవిడ పొద్దుట్నుంచీ అక్కడే ఉంది," అన్నాడు బాబాయ్ తలుపు దగ్గర నిలబడి. ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళుగా టెక్నీషియన్. అందరికీ బాబాయే. "మంచినీళ్ళిస్తే, గ్లాసు వెలుతురుకేసి పెట్టి చూసి, ఇది కడిగిందెవరు అని అడిగింది. నేనే అన్నాను. అయితే మళ్ళీ కడుగు అంది. నాకు తెగ నచ్చింది."

ఆమె నవ్వలేదు. కిందికి వెళ్ళింది.

వంటమ్మ లేవలేదు. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉంది, ఎవరైనా చూస్తే చూసుకోమన్నట్టు.

"నువ్వేనా తల్లీ, నా చేతుల్లో పురుగుందన్నది?"

"చేతుల్లో అనలేదండీ. పండ్లముక్కల్లో అన్నాను."

"అవేమన్నా వాటంతటవే తరుక్కున్నాయా? ఇదిగో చూడు. సబ్బుకి గీతలన్నీ అరిగిపోయాయి. జాతకం చెప్పేవాడికి చెయ్యిస్తే ఇందులో ఏముందమ్మా చదవడానికని వెనక్కిచ్చేశాడు. ఒంట్లో బాగోకపోతే, తగ్గాక కూడా రెండ్రోజులు పనిలోకి రావద్దని గోడ మీద కాగితం అంటించింది మీరే కదా? నిరుడు నాకు కడుపులో తిప్పితే నాలుగు రోజులు రాలేదు. పెద్దమేడమ్ మొహం ఇంత చేసుకుంది. అయినా రాలేదు."

"ఈసారి ఏమీ కాలేదా మీకు?"

"నిక్షేపంలా ఉన్నాను. అసలు సోమవారం పొద్దున ఒక పిల్లాడు వరండాలో భళ్ళున కక్కాడు. పొడి చీపురుతో ఊడ్చేశారు. పిల్లలంతా అందులోంచే నడిచారు. నేను అరిచాను. నీ పొయ్యి సంగతి నువ్వు చూసుకో అన్నారు. ఆ మాట మీ కాగితాల్లో ఉందా?"

లేదు. ఆ మాట ఎవరూ రాయలేదు. ఆమె జేబులో చేతులు పెట్టుకుంది.

"నా దగ్గర ఏం తీసుకుంటావో తీసుకో. రక్తమా, ఇంకోటా? సిగ్గేం లేదు నాకు," అంది వంటమ్మ. తర్వాత తల పైకెత్తి పరీక్షగా చూసింది. "అది సరే. నువ్వేంటి అలా పాలిపోయావ్? ఒంట్లో బాగోలేదా?"

"అబ్బే, పోయిన వారం కాస్త వేడి చేసిందండీ."

మాట నోరు జారాకగానీ చెవికి అందలేదు.

"వేడా!" అంది వంటమ్మ. "మా బళ్ళో పిల్లలకీ మొదట అదే అన్నారు."

ఆమె బాబాయ్‌ని పిలిచి, వంటమ్మ నమూనా తీసుకొమ్మని చెప్పి, మెట్లెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగింది. వేడి చేసింది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? పన్నెండేళ్ళుగా ఈ ఒక్క వైరస్‌నే చదువుతోంది. పది ఇరవై కణాలు నోట్లో పడితే చాలని, తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి ఒంట్లోంచి బయటికి వస్తూనే ఉంటుందని ఎన్ని సభల్లో చెప్పలేదు! సోమవారం సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళింది. అక్క కూతురు ఆమె భుజం మీదే వాంతి చేసుకుంది. పాలు వికటించి ఉంటాయిలే అంది అక్క. ఉంటాయిలే అంది తనూ. బుధవారం తెల్లవారుజామున స్నానాలగది నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, బకెట్ అంచు పట్టుకుని, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ తనకి తాను చెప్పుకున్న మాట, వేడి చేసింది. అమ్మ అనేది ఆ మాట. చిన్నప్పటి జబ్బులన్నిటికీ అదొక్కటే పేరు. చదివిన చదువంతా పక్కకి తప్పుకుని, ఆ మాటకి దారిచ్చింది.

అలా దారి ఇప్పించింది పనే. గురువారం పొద్దున బడి నుంచి పండ్లడబ్బా వస్తుందని తెలుసు. తను లేకపోతే ఇంకెవరో తెరుస్తారు. అది ఆమెకి మింగుడు పడలేదు. తనని తాను ఎప్పుడూ ఒక జత కళ్ళుగానే తలుచుకుంటుంది. సూక్ష్మదర్శిని వెనక కళ్ళు, తెర ముందు కళ్ళు. ఊరందరి కడుపుల్నీ చదువుతూ చదువుతూ, తనకీ ఒక కడుపుందన్న సంగతి మరిచిపోయింది. మరిచిపోయిందా, దాచుకుందా? గుమ్మడికాయల దొంగ అంటే ఎవరైనా భుజాలు తడుముకుంటారు. ఆమె తడుముకోలేదు. శుక్రవారం బ్లాంక్‌లో గీత కనబడినప్పుడు తెరని దగ్గరికి లాక్కుని చూసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగలేదు. ముప్పై ఏడు అని గట్టిగా అనుకుంది.

గురువారం చేతికి తొడుగులున్నాయి. ఉన్నాయి గానీ, మధ్యలో ఫోన్ మోగితే తీసింది. ముక్కు మీద మాస్కు సర్దుకుంది. అవే తొడుగులతో పండ్లడబ్బా మూత తీసింది. నీళ్ళ సీసా మూత కూడా.

మిగతా మెట్లు ఎక్కి డైరెక్టర్ గారికి ఫోన్ చేసింది.

"నివేదిక ఆపాలి సార్."

"మళ్ళీ ఆ బ్లాంకేనా? చచ్చిన పాముని ఎన్నిసార్లు కొడతావమ్మా?"

"చావలేదు సార్. అది నాదేమో."

"నాది అంటే?"

"నా కడుపులోది. బుధవారం నాకు వాంతులయ్యాయి. గురువారం వచ్చి డబ్బా తెరిచాను."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఈ సంగతి ఇంకెవరికన్నా చెప్పావా?"

"చెప్పబోతున్నాను. సార్, పిల్లల దాంట్లో ఉన్న వైరస్ ఏ రకమో మనకి తెలుసు. పండ్లలో దొరికింది ఏ రకమో ఇంకా చూడలేదు. పిల్లలది, పండ్లది, వంటమ్మది, నాది, నాలుగూ పక్కపక్కన పెట్టి, పండ్లది ఎవరి దాంతో కలుస్తుందో చూద్దాం. రెండ్రోజులు పడుతుంది."

"ఈలోగా బడి వాళ్ళకి నేనేం చెప్పను?"

"శుక్రవారం చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నామని చెప్పండి. ఆవిణ్ణి తీసెయ్యడానికి మా దగ్గర కారణం లేదని చెప్పండి. వరండాలో పొడి చీపురు సంగతి కూడా అడగండి."

"ఒకవేళ నీది కాదని తేలితే? పిల్లలదీ పండ్లదీ ఒకటే అయితే?"

"అప్పుడు అదే రాస్తాను. ఇవాళ మాత్రం రాయను."

"మన పరువేమవుతుందో ఆలోచించావా?"

ఆలోచించింది. మూడు రోజులుగా ఆలోచిస్తున్నది అదేనని, ఇంకే పేరుతోనో ఆలోచిస్తున్నానని ఇప్పుడు తెలిసింది. "ఆలోచించాను సార్," అని ఫోన్ పెట్టేసింది.

ఆపైన పని తేలికే అనుకుంది. కాదు. అరలోంచి మలం నమూనాకి వాడే చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోవడానికి పదినిమిషాలు పట్టింది. వందలమందిని కన్నెత్తకుండా అడిగింది, చెంచా ఉన్న ఈ మూత చూపించి, ఇంత చాలండీ అని. మరుగుదొడ్డి గడియ వేసుకున్నాక, ఎంతమంది తన మాటకి ఇలాంటి గడియ వెనక కూర్చుని ఉంటారో మొదటిసారి ఊహకి వచ్చింది.

బయటికి వచ్చి మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుంది. డబ్బాని సంచిలో పెట్టి, ప్రయోగశాల గుమ్మం బయటే ఆగింది. లోపల బాబాయ్ వంటమ్మ నమూనాకి చీటీ అంటిస్తున్నాడు.

"లోపలికి రావేంటమ్మా?"

"రాకూడదు బాబాయ్. ఇది కూడా దానితోపాటు చెయ్యి. మొదట్నుంచి చివరిదాకా నువ్వే చెయ్యాలి. నేను ఏదీ ముట్టుకోను."

బాబాయ్ సంచీ వంకా, ఆమె వంకా చూశాడు.

"ఎవరిదని రాయను? ఉత్త నంబరు వేసేస్తాలే," అన్నాడు గొంతు తగ్గించి. "మన సిబ్బందివి ఎప్పుడూ నంబర్లేగా. పై వాళ్ళకి ఎవరిదో తెలియక్కర్లేదు."

"కలం ఇలా ఇవ్వు."

కొత్త తొడుగులు వేసుకుని అతను చీటీ, కలం గుమ్మం దాకా తెచ్చి ఇచ్చాడు. ఆమె చీటీని గోడకి ఆనించి, నంబరు గడి వదిలేసి, పక్కనున్న గడిలో తన పేరు, ఇంటిపేరుతో సహా, విడివిడి అక్షరాల్లో రాసింది.