బస్సు వస్తున్నది, జర ఆగుండ్రి

నేను ఒక చేతి మైకును. నోరు నాదే గాని, అందులోంచి వచ్చిన మాట ఏనాడూ నాది కాలేదు. మీట నొక్కి ఎవరు మాట్లాడితే వాళ్ళ గొంతే నా గొంతు. ఇప్పుడు నా బ్యాటరీలు తీసి ఎండలో పెట్టారు, వేడెక్కితే ఇంకో పూట పనికొస్తాయని. ఈ కాస్త తీరుబడిలో నా సంగతి నేనే చెప్పుకుంటాను. మూతి అంచు విరిగింది, లోపలి పొర చినిగింది, అందుకని మాట గరగరలాడుతుంది. సర్దుకుని వినండి.

పుట్టింది ఏ ఊళ్ళోనో నాకే తెలియదు. పెద్ద షెడ్డులో తెల్ల ప్లాస్టిక్కును కరిగించి గరాటులా పోశారు, ఎర్ర మూతి తొడిగారు, పిడి దగ్గర రెండు మీటలు పెట్టారు. ఒకటి నొక్కితే మాట్లాడవచ్చు. రెండోది నొక్కి మాట్లాడితే ఒక చిన్న మాట నాలో నిలిచిపోతుంది, ఆపేదాకా దాన్నే తిప్పి తిప్పి చెబుతాను. నాతోపాటు పుట్టినవాళ్ళలో కొందరు పోలీసుల చేతికి వెళ్ళారు. వాళ్ళ పని జనాన్ని పక్కకు జరగమనడం. నా పని జనాన్ని దగ్గరికి రమ్మనడం. ఏది తేలికో మీకు వేరే చెప్పాలా?

నన్ను కొన్నది నర్సాపేట ప్రాంత ప్రజా రవాణా సాధన సమితి. ఆ పేరు పలికేసరికే నాకు సగం ఊపిరి అయిపోయేది. బస్సుల్లేని ఊళ్ళకు బస్సులు వేయించడం, సొంత బండ్ల వాడకం తగ్గించడం, గాలి చెడిపోకుండా చూడడం వాళ్ళ ఆశయాలు. అధ్యక్షుడు భాస్కరాచారి రిటైరైన హెడ్మాస్టరు. ఆశయాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు, గంటసేపు ఆపకుండా చెప్పగలడు. సభకు మాత్రం కారులో వచ్చేవాడు. కారు నిలిపే చోటు దొరక్క రోజూ ఆలస్యమయ్యేది. మిగతా సభ్యులు మోటారుసైకిళ్ళ మీద దిగేవారు. "సొంత బండి మానుదాం, బస్సే ఎక్కుదాం" అని నా చేత అరిపించి, అరుపు అయిపోగానే అందరూ ఒక్కసారే కిక్కు కొట్టేవారు. ఆ పొగకు నాకే దగ్గొచ్చేది.

కార్యదర్శి రాజలింగం ఒక్కడు సైకిలు మీద వచ్చేవాడు. నర్సాపేటకు ఎనిమిది కిలోమీటర్ల అవతల ఏదులపల్లిలో ఆయనకు సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. ఊళ్ళో సైకిళ్ళు తగ్గిపోయాయి, పంక్చర్లు వాటితోపాటే తగ్గిపోయాయి, రాజలింగానికి తీరిక మిగిలింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం నాతో అవసరం లేనంత పెద్దది. అయినా నన్ను పట్టుకునే మాట్లాడేవాడు.

"ఉత్త గొంతుతోని అంటే లింగడు ఒర్రుతున్నడు అంటరు. మైకుల నుంచి వస్తే సమితి చెప్తున్నది అంటరు" అనేవాడు.

'ప్రజల అవసరం' అని ఆయన నా మూతిలో ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. ఆ ప్రజలు ఎవరో నాకు తొందరగానే తెలిసింది. ఆయన భార్య అండాలమ్మ. ఏదులపల్లి నుంచి నర్సాపేట టౌనుకు పోవాలంటే సమ్మయ్య ఆటో ఒక్కటే దిక్కు. సమ్మయ్య చెడ్డవాడు కాదు, ఎవరినీ కాదనలేడు, అంతే. చెయ్యెత్తిన ప్రతివాళ్ళనూ ఎక్కించుకుంటాడు. ఒకనాడు వెనక చెక్క మీద, కాళ్ళు రోడ్డు మీదికి వేలాడేసి కూర్చున్న అండాలమ్మ మోరీ దగ్గర గుంతలో ఆటో ఎగిరితే కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. కర్ర పట్టుకుని నడవగలదు గాని, ఆటో పేరెత్తితే ఒళ్ళంతా వణుకు. సైకిలు క్యారేజీ మీద కూర్చోనివ్వని తుంటి అది. టౌనులో ఆమె అక్క పోశవ్వ ఉంది, చూపు మసకబారి ఇల్లు కదల్లేదు. చెల్లె పోలేదు, అక్క రాలేదు. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోక ఏళ్ళయింది.

ఇది ఆయన ఏ సభలోనూ చెప్పలేదు. భార్య పేరు మైకులో చెప్పుకోవడం సిగ్గనుకున్నాడు. ఇంధనం గురించి చెప్పాడు, పర్యావరణం గురించి చెప్పాడు, పక్క జిల్లాలో బస్సులెన్నో చెప్పాడు. అండాలమ్మ సంగతి ఒక్కసారి చెప్పి ఉంటే జనం ఇంకొంచెం చెవి పెట్టేవారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ నాకు సలహా చెప్పే మీట పెట్టలేదు.

ధర్నాలు చేశారు, ఊరూరా తిరిగారు, డిపో మెట్లు అరిగేలా ఎక్కి దిగారు. ఎండలో నా ప్లాస్టిక్కు పసుపు రంగుకు తిరిగింది. భాస్కరాచారి చేతిలోంచి కింద పడి మూతి అంచు విరిగింది అప్పుడే. చివరికి డిపో మేనేజరు చేతులెత్తేశాడు.

"మూడు నెలలు నడిపిస్తం సార్. సీట్లు నిండితే ఉంటది. నిండకపోతే నన్ను అనొద్దు" అన్నాడు.

సమితివాళ్ళు పటాకులు కాల్చారు. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

మొదటి రోజు బస్సుకు బంతిపూల దండలు వేసి కొబ్బరికాయ కొట్టారు. భాస్కరాచారి ఉపన్యాసం ముగిసేదాకా బస్సు కదల్లేదు. పనుల మీద పోవాల్సినవాళ్ళు సమ్మయ్య ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. సభ్యులందరూ ఫుట్‌బోర్డు మీద నిలబడి ఫోటోలు దిగి, దిగినవాళ్ళు దిగినట్టే మోటారుసైకిళ్ళు ఎక్కి ఇళ్ళకు పోయారు. బస్సులో మిగిలింది రాజలింగం, అండాలమ్మ, ఇంకో నలుగురు. మెట్టు ఎత్తుగా ఉంటుందని రాజలింగం ముందే ఒక చెక్కపీట చేసి ఉంచాడు. ఆమె పీట మీద కాలు పెట్టి, కండక్టరు చెయ్యి పట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. కూర్చున్నాక కొంగుతో మొహం తుడుచుకుని, "ఏమయ్యా, గాలి మంచిగొస్తున్నదే" అంది. ఆయన ఒళ్ళో ఉన్న నేను ఆ మాట విన్నాను. అన్నేళ్ళ అరుపులకు అదొక్కటే నాకు అందిన కూలి.

పోశవ్వ ఆ రోజు చెల్లె మొహమంతా చేత్తో తడిమి చూసింది. "బక్కపడ్డవే" అంది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, సాయంత్రం బస్సుకు మళ్ళీ పీట వేశారు.

ఆ తర్వాత బస్సు ఖాళీగా తిరగడం మొదలైంది. సమ్మయ్య ఇంటి ముందు ఆపుతాడు, బస్సు ఊరి మొగదల ఆగుతుంది. ఆ నాలుగు అడుగులు వేయడానికి జనానికి ఓపిక లేకపోయింది. రాజలింగం ఒక్కో సభ్యుడి ఇంటికీ వెళ్ళి, కనీసం మీరన్నా ఎక్కండని బతిమాలాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు, అలవాటు కొద్దీ. ప్రతి ఇంట్లోనూ ఒకే జవాబు.

"నేనొక్కన్ని ఎక్కకుంటే బస్సు ఆగుతదా లింగన్నా?"

అందరూ ఆ ఒక్కరే. సమితి మొత్తం ఒక్కరొక్కరుగా ఇంట్లోనే ఉండిపోయింది. బస్సు సాధించడం అంటే బస్సు ఎక్కడం కూడా అని ఎవరికీ తోచలేదు, పోరాటం నేర్చినవాళ్ళకు ప్రయాణం రాలేదు.

ఇక మొగుడూ పెళ్ళాలే రోజూ ఎక్కారు. పని ఉన్నా లేకున్నా టౌనుకు పోవడం, పోశవ్వ దగ్గర కాసేపు కూర్చోవడం, తిరిగి రావడం. ఊళ్ళోవాళ్ళు ముసలాళ్ళకు షోకు పుట్టిందని నవ్వారు. వాళ్ళు షోకుకు తిరగలేదు, రెండు సీట్లు నింపడానికి తిరిగారు. అప్పుడే రాజలింగానికి నా రెండో మీట గుర్తొచ్చింది. కొట్టు ముందు కూర్చుని గొంతు సవరించుకుని మీట నొక్కి, "బస్సు వస్తున్నది, జర ఆగుండ్రి" అన్నాడు. మీట వదిలేలోపు పక్కనే చాటలో బియ్యం ఏరుకుంటున్న అండాలమ్మ, "అయిందా?" అని అడిగింది. అదీ నాలో పడిపోయింది. చెరిపి మళ్ళీ చెప్పబోతే ఆమె ఆపింది.

"ఉండనియ్. నేను గూడ సమితిల పని చేసినట్టయితది" అంది.

కిటికీలోంచి నన్ను బయటికి పెట్టి ప్రతి ఊరి మొగదలా ఆ మాట వినిపించాడు. "బస్సు వస్తున్నది, జర ఆగుండ్రి. అయిందా?" జనం నవ్వుకున్నారు. ఆగినవాళ్ళు తక్కువ.

మూడు నెలలు తిరక్కముందే రాజలింగం బాగా అలిసిపోయాడు. రాత్రి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూడా బస్సు గురించే మాట్లాడేవాడు. గడువు తీరిన మర్నాడు మొగుడూ పెళ్ళాలు పీట పట్టుకుని ఊరి మొగదల నిలబడ్డారు. మధ్యాహ్నందాకా నిలబడ్డారు. బస్సు రాలేదు. ఆమె పీట మీద కూర్చుంది. ఆయన నన్ను సమితి గదిలో అప్పగించేసి ఇంటికి పోయాడు.

అదే నెలలో ఎక్కడో పెద్ద సభలో మా సమితికి షీల్డు ఇచ్చారు, మారుమూల ఊరికి బస్సు సాధించినందుకు. భాస్కరాచారి మరో నలుగురితో కారు మాట్లాడుకుని వెళ్ళి తెచ్చుకున్నాడు. షీల్డు ఆయన ఇంటి షోకేసులో చేరింది. సమితి గది సెల్‌ఫోన్ల దుకాణానికి అద్దెకు పోయింది. విరిగిన కుర్చీలు, ప్లకార్డులు, నేను పాత సామాన్ల లాల్‌మియాకు పోయాం.

లాల్‌మియాది మూడు చక్రాల తొక్కుడు రిక్షా, వెనక పలక చెక్క. నాకు బ్యాటరీలు వేసి మీట నొక్కాడు. రాజలింగం గొంతు పలికింది. చెరిపేద్దామనుకుంటూనే అట్లాగే ఓ ఊళ్ళోకి తొక్కాడు. "బస్సు వస్తున్నది" అనగానే ఇళ్ళల్లోంచి జనం సంచులు పట్టుకుని ఉరికొచ్చారు. బస్సున్నన్నాళ్ళూ ఆ గొంతును పట్టించుకోనివాళ్ళే, బస్సు పోయాక పరిగెత్తి వచ్చారు. వచ్చి, చూసి, తిట్టి, ఎలాగూ వచ్చాం కదా అని పగిలిన బకెట్టో తుప్పు పట్టిన రేకో తెచ్చిచ్చారు. లాల్‌మియా వ్యాపారం పుంజుకుంది. ఇంక చెరుపుతాడా? జనాన్ని మోసం చేస్తున్న గొంతు రాజలింగానిదని నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

నిన్న ఏదులపల్లి వైపు తొక్కాడు.

మేం మలుపు తిరగకముందు అక్కడ జరిగింది తర్వాత దారిలో వాళ్ళు చెప్పుకోగా విన్నాను. ఊరి మొగదల సమ్మయ్య ఆటో ఆగి ఉంది. పోశవ్వకు బాగాలేదని, చెల్లెను చూడాలంటోందని కబురొచ్చిందట. అండాలమ్మ మనసు గట్టి చేసుకుని ఆటో దగ్గరికి వచ్చింది. పీట వేసి, ఒకపక్క రాజలింగం, ఒకపక్క సమ్మయ్య పట్టుకున్నారు. కాలు పైకెత్తింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది. సమ్మయ్య కళ్ళల్లో నీళ్ళు.

"మెల్లగ తోలుత చిన్నమ్మా. ఒక్కర్ని గూడ ఎక్కించుకోను, ఒట్టు" అంటున్నాడు.

"నువ్వు మంచోనివే బిడ్డా. నా కాలే ఇంటలేదు" అంది ఆమె.

అప్పుడు మలుపు అవతల నుంచి నేను పలికాను. బస్సు వస్తున్నది, జర ఆగుండ్రి.

అండాలమ్మ కాలు కిందికి దించేసింది. రాజలింగం మొహం పాలిపోయింది. తన గొంతే తనను పిలుస్తుంటే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు. మలుపు తిరిగి లాల్‌మియా రిక్షా వచ్చింది, హ్యాండిలుకు వేలాడుతూ నేను వచ్చాను. "అయిందా?" అని అండాలమ్మ గొంతుతోనే అడిగాను. ఆ క్షణంలో నా వైర్లు తెగిపోతే బాగుండుననిపించింది.

రాజలింగం తల వంచుకున్నాడు. "నన్ను పాత సామాన్లల్ల వేసిన్రు" అన్నాడు, మెల్లగా.

అండాలమ్మ రిక్షా వైపు చాలాసేపు చూసింది. పలక చెక్క, మోకాలి ఎత్తు. మీద ఖాళీ గోనెసంచులు.

"మియా, ఏడికి పోతున్నవ్?"

"టౌనుకే అక్కా."

"ఎంత ఉరుకుతది నీ బండి?"

"ఉరుకుడా? నడిచెటోళ్ళే నన్ను దాటిపోతరు."

అండాలమ్మ నవ్వింది. "ఏమయ్యా, పీట ఎయ్యి" అంది మొగుడితో.

గోనెసంచులు పరిచి కూర్చోబెట్టారు. కాళ్ళు బారజాపుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి చెక్క అంచును పట్టుకుంది గాని వణకలేదు. రాజలింగం బండి వెంట నడిచాడు. సమ్మయ్య ఆటో స్టార్టు చేయకుండా చూస్తూ నిలబడ్డాడు. నన్ను ఆపబోయిన లాల్‌మియాను ఆమె వారించింది, "ఒర్రనియ్, మా ఆయన గొంతు ఇని శానా రోజులైంది" అని. దారి పొడుగునా జనం సంచులతో ఉరికొచ్చి, పాత సామాన్ల బండి మీద కూర్చున్న అండాలమ్మను చూసి నోరెళ్ళబెట్టారు. ఆమె వాళ్ళకు చెయ్యి ఊపింది. వాగు ముందరి ఎత్తు దగ్గర బండి ఆగిపోయినంత పనైంది. నా బ్యాటరీలు నీరసించి రాజలింగం మాట సాగిపోయింది. ఆమె మాట మాత్రం వినపడింది.

"అయిందా?"

"యాడ అయింది? ఇంక వాగు గూడ దాటలే" అని అండాలమ్మ నాకు జవాబు చెప్పింది. లాల్‌మియా పెడళ్ళ మీద లేచి నిలబడ్డాడు. రాజలింగం పంచె ఎగ్గట్టుకుని వెనక నుంచి తోశాడు.