ఐదు డాలర్ల చదివింపు

పులిహోరలో పోపు కలుపుతుంటే గోపాల్ వంటింట్లోకి తొంగిచూసి, "ఇంకా అవలేదా గిరిజా? పాతికమందేగా!" అన్నాడు. ప్లెయిన్స్‌బరోలో మా రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి జనాన్ని పిలవడం మా ఆయన పని. తక్కినదంతా నాది.

చెవిలో డాంగ్‌డుట్ మోగుతోంది కాబట్టి సరిపోయింది. ఇండోనేషియాలో పెళ్ళిపందిళ్ళలో మోగే పాటలవి. డోలు దెబ్బలోంచే ఆ పేరు పుట్టిందట. కింది అంతస్తులో ఉండే వాతి నేర్పింది. ఆమెది జకార్తా. లాండ్రీ రూమ్‌లో బట్టలు ఆరేదాకా ఇద్దరం పాడుకునేవాళ్ళం. పెళ్ళికి ముందు నేను స్టేజీల మీద పాడేదాన్నని గోపాల్‌కి తెలుసు. "పెళ్ళైన ఆడదానికి పూజగదిలో పాట చాలమ్మా," అని అత్తగారు తేల్చినప్పుడు పక్కనే ఉన్నాడు కూడా. తొమ్మిదేళ్ళుగా నా గొంతు మా అమ్మాయిని అన్నానికి పిలవడానికే పనికొచ్చింది. వచ్చే శనివారం వాళ్ళ ఫంక్షన్‌లో పాడమని వాతి అడిగింది. గోపాల్‌కి చెబితే "ఆ గోలా? చూద్దాంలే," అన్నాడు. చూద్దాంలే అంటే మా ఇంట్లో వద్దనే అర్థం.

భోజనాలయ్యాక అతనే అందరి ముందూ, "మా గిరిజ ఇండోనేషియా సింగరైందండోయ్! పాడవోయ్, ఎంజాయ్ చేస్తారు," అన్నాడు. పిచ్చిదాన్ని, నిజంగానే సంతోషపడ్డాను. చేతులు కొంగుకి తుడుచుకుని మొదలుపెట్టాను.

ఇండోనేషియాలో పాట నచ్చితే జనం స్టేజీ దగ్గరికొచ్చి గాయనికి నోట్లిస్తారు, మన పెళ్ళిళ్ళలో చదివింపుల్లాగా. సావెరన్ అంటారు. వీడియో చూపించి గోపాల్‌కి చెప్పింది నేనే. రెండో చరణంలో అతను లేచి, ఐదు డాలర్ల నోటు దిష్టి తీసినట్టు నా తల చుట్టూ తిప్పి ఈల వేశాడు. అందరూ విరగబడి నవ్వారు. అతని ఆఫీసు స్నేహితుడు వీరాంజనేయులు ఫోన్‌లో తీస్తూ, "ఇంకో నోటు తియ్యి బాబూ!" అని అరిచాడు.

తల కొట్టేసినట్టయింది. ఆపేద్దామనుకున్నాను. ఆపితే ఇక ఎప్పటికీ పాడనని తెలుసు. చివరి చరణం దాకా, శ్రుతి తప్పకుండా పాడాను. నవ్వులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. గోపాల్ చేతిలోంచి నోటు తీసుకుని కొంగున ముడివేసుకున్నాను.

"బాగుంది, బాగుంది. ఇక టీ పెట్టు," అన్నాడు.

"ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళకి నాకు ముట్టిన మొదటి జీతం ఇది. పాటకిచ్చావు, టీకి ఇవ్వలేదు," అన్నాను.

నేను వెళ్ళి సోఫాలో కూర్చున్నాను.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి గోపాల్. శనివారం కూడా అక్కడే ఉంటాయి. నేనే ఉండను."