ఏడో గది తలుపు

చిట్టికి యాభై నాలుగేళ్లు. బజారులో సగం దుకాణాల కాటాలు మరమ్మతుకు ఆమె చేతి మీదుగా వెళ్లాల్సిందే. అర గ్రాము తేడా ఉన్నా ఒప్పుకోని మనిషని దుకాణదారులు తిట్టుకుంటూనే మళ్లీ ఆమెనే పిలుస్తారు. అన్నయ్యకు మాత్రం ఆమె ఇప్పటికీ చిట్టే. ఆ ఆదివారం పొద్దున ఫోన్ చేసి, "ఒకసారి వచ్చిపోవే చిట్టీ, ఈ బుల్లి పెట్టె నా మాట వినడం లేదు," అన్నాడు. పని పడితే తప్ప అన్నయ్యకు చెల్లెలు గుర్తురాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా స్క్రూడ్రైవర్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

అన్నయ్య మీద ప్రేమ పొంగి బయల్దేరిందనుకునేరు, అదేం కాదు. ఒక తలుపు కోసం బయల్దేరింది.

ముప్ఫై ఆరేళ్ల క్రితం అన్నాచెల్లెళ్లిద్దరూ ఒక వీడియో గేమ్ తయారుచేశారు. అప్పటి కంప్యూటర్ అంటే టీవీకి తగిలించుకునే ఒక కీబోర్డు, అంతే. అదీ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నది. కోట, దయ్యాలు, టోపీ పెట్టుకున్న వీరుడు, ఆ బొమ్మలన్నీ అన్నయ్య గీశాడు. బొమ్మల్ని నడిపించే లెక్కంతా చిట్టి రాసింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, రూళ్ల పుస్తకంలో అంకె పక్కన అంకె పేర్చుకుంటూ ఎనిమిది నెలలు కూర్చుంది. చివరికి ఒక కంపెనీ దాన్ని క్యాసెట్‌గా వేసింది, అప్పట్లో ఆటలు టేపు మీదే వచ్చేవి. అట్ట మీద ఉన్నది అన్నయ్య పేరు ఒక్కటే. చిట్టి భోరుమంటే, "అట్ట మీద ఒక్క పేరుకే చోటుందన్నారే. ఆటలో ఉందిగా నీ పేరు? ఎనిమిదో గదికి వెళ్లినవాడు చూస్తాడు," అని సముదాయించాడు. అది నిజమే. గెలిచినవాడికి ఎనిమిదో గదిలో ఇద్దరి పేర్లూ కనపడేట్టు పెట్టింది తనే కాబట్టి, చిట్టి కళ్లు తుడుచుకుంది.

వచ్చిన చిక్కల్లా ఎనిమిదో గదికి ఎవ్వరూ వెళ్లకపోవడమే. ఏడో గది తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. మూడు తాళంచెవులు ఏరుకొచ్చి తలుపు ముందు నిలబడినా, అలా నిలబెట్టే ఉంచేస్తుంది. దాంతో ఆటకు ఎక్కడలేని పేరొచ్చింది. "కొన్ని తలుపులు తెరుచుకోవు, జీవితమంటే అదే," అని అన్నయ్య సభల్లో చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. తాను అంత కష్టంగా రాసినట్టు చిట్టికి గుర్తులేదు. చూసుకుందామంటే అడిగి తెచ్చుకున్న కంప్యూటర్ ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత పెళ్లి, పిల్లలు, కాటాలు. కానీ దుకాణాల వాళ్లతో వాదించి అలిసిపోయిన రోజుల్లో ఒక ఊహ ఆమెను నిలబెట్టేది. ఎవరో ఒక మొండివాడు ఎప్పుడో ఒకప్పుడు ఆ తలుపు దాటతాడు, నా పేరు చదువుతాడు అని.

ఇన్నాళ్లకు పాత యంత్రాల మ్యూజియం ఒకటి ఆ ఆటను పెద్ద తెర మీద పెడతానంది. శుక్రవారమే ప్రారంభం. అరచేతిలో పట్టే, టీవీకి తగిలించుకునే బుల్లి కంప్యూటర్ ఒకటి అన్నయ్యకు పంపారు. అందులో ఎమ్యులేటర్ ఉంది, అంటే పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్. మ్యూజియం అమ్మాయి ఎంత తంటాలు పడినా ఏడో గది దాటలేకపోయిందట. ఎమ్యులేటర్ లోపమేమో చూసిపెట్టమని అన్నయ్యను అడిగింది. లోపం సరైతే తలుపు తెరుచుకుంటుంది. తలుపు తెరుచుకుంటే వచ్చేపోయేవాళ్లందరికీ చిట్టి పేరు కనపడుతుంది. అందుకు వచ్చింది ఆమె.

ముందు ఆట లోడ్ కావడమే గగనమైంది. అన్నయ్య పాత క్యాసెట్‌ను టేప్‌రికార్డర్‌లో పెట్టి, వైరు తగిలించి, శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ప్రతిసారీ చివర్లో తప్పు చూపిస్తోంది. చిట్టి టేప్‌రికార్డర్ మూత తెరిచి, టేపును చదివే హెడ్ పక్కనున్న బుల్లి స్క్రూను పావు చుట్టు తిప్పింది. గరగర తగ్గి కీచుమనే శబ్దం స్పష్టంగా వచ్చేదాకా చెవి ఆనించి విన్నది. మూడోసారికి మొత్తం ఎక్కింది.

ఎక్కాక వీరుడు ఒంటికి నిప్పంటుకున్నట్టు పరిగెత్తాడు. ఎమ్యులేటర్‌లో వేరే మోడల్ కంప్యూటర్ ఎంచి ఉంది, అది వేగం ఎక్కువది. పాతది ఎంచితే మనిషి నడకలో పడ్డాడు. పాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే శబ్దానికి కాస్త వ్యవధి పెంచింది. ఎడమ మీట, గెంతు మీట, కాల్పు మీట కలిపి నొక్కితే ఒకటి పలకడం లేదు. అది అన్నయ్య కీబోర్డు నిర్వాకం. మీటల స్థానాలు మారిస్తే దారికొచ్చింది.

"నీ చేతిలో ఏదో ఉందే," అన్నాడు అన్నయ్య వెనక నిలబడి. ఆ ముక్క ముప్ఫై ఆరేళ్ల క్రితం నలుగురిలో అని ఉంటే ఎంత బాగుండేది అనుకుంది చిట్టి.

ఆరు గదులు అవలీలగా దాటింది. ఎక్కడ వంగాలో, ఎక్కడ గెంతాలో వేళ్లకే గుర్తుంది. ఏడో గదిలో మూడు తాళంచెవులూ ఏరి తలుపు ముందు నిలబడింది. ఎమ్యులేటర్‌లో ఆటను ఉన్నది ఉన్నట్టు దాచుకునే సదుపాయం ఉంది కనుక, అక్కడే దాచి, పైమీట నొక్కింది. తలుపు ఉలకదు, పలకదు. వేగం తగ్గించింది. ఎమ్యులేటర్‌నే మార్చి ఇంకోటి ఎక్కించింది. ఏం చేసినా అదే వరస.

"ఎమ్యులేటర్లన్నీ ఇంతే," అన్నాడు అన్నయ్య.

"నేను రాసిన తలుపు గురించి నాకు చెప్పకు అన్నయ్యా."

ఆటను ఉన్నచోటే ఆపేసి, లోపలి అంకెల పట్టీ తెరిచింది. ఆ రోజుల్లో ఈ వసతే ఉంటే ఎన్ని నెలలు కలిసొచ్చేవో. వరసలు వరసలుగా అంకెలు. తలుపు లెక్క ఉన్నచోటు దొరకగానే, మరిచేపోయిన సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చి ఆమె చెయ్యి ఆగిపోయింది.

తలుపుకు రహస్య తాళం వేసింది తనే. అప్పట్లో ఆటల్ని కాపీ కొట్టేవాళ్లు అసలు పేర్లు తీసేసి తమ పేర్లు తగిలించుకునేవారు. కంప్యూటర్‌కు అక్షరాలన్నీ అంకెలే. అందుకని ఎనిమిదో గదిలోని రెండు పేర్ల అంకెలన్నీ కూడితే ఎంతవుతుందో తలుపు దగ్గర రాసిపెట్టింది. పేర్ల జోలికి ఎవడైనా వెళ్తే మొత్తం కుదరదు, తలుపు రాదు. ఈ తాళం సంగతి అన్నయ్యకు కూడా చెప్పలేదు. చెబితే గొప్ప కోసం నలుగురికీ చెప్పేస్తాడని భయం.

వెంటనే పేర్లున్న చోటికి వెళ్లింది. అన్నయ్య పేరు నిక్షేపంగా ఉంది. దాని పక్కన పన్నెండు ఖాళీలు.

"నా పేరేది అన్నయ్యా?"

అన్నయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "టేపు పాతది కదే, ఎక్కడో అరిగిపోయి..."

"అరిగితే నా పేరునే చూసి చూసి అరిగిందా? పన్నెండు అక్షరాలూ కొలిచినట్టు పోయాయి. నీ పేరుకు గీత కూడా పడలేదు."

టీ తెచ్చిన వదిన కప్పులు బల్ల మీద పెట్టి, "ఎప్పటి మాటో అది. ఇప్పుడెందుకమ్మా తవ్వుకోవడం?" అంది. వదినకూ తెలుసన్నమాట. తెలియనిది తనకొక్కదానికే.

"కంపెనీవాళ్లు ఒక్క పేరే ఉండాలన్నారే," అన్నాడు అన్నయ్య. "ఆడపిల్ల, అందులోనూ పద్దెనిమిదేళ్ల పిల్ల చేసిందంటే ఎవరు నమ్ముతారన్నారు. పేరు మీద ఖాళీలు ఎలా కొట్టాలో వాళ్లే చూపించారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడుస్తావని."

"ఏడిస్తే ఏడ్చేదాన్ని! ముప్ఫై ఆరేళ్లు పిచ్చిదానిలా ఎవడో దాటతాడని ఎదురుచూశానే! తలుపు రాకపోతే ఒక్కసారైనా నన్ను అడగబుద్ధి కాలేదా నీకు?"

అన్నయ్య టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "అడిగితే నువ్వు లోపల చూస్తావుగా," అన్నాడు.

అంటే అతనికి అప్పుడే అనుమానం వచ్చింది. తన చేత్తో చెరిపాకే తలుపు బిగుసుకుందని తెలిసి కూడా, ఆ మూసుకున్న తలుపును పట్టుకునే సభలు చేశాడు. చిట్టికి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతోనే పన్నెండు ఖాళీల్లో తన పేరు తాలూకు పన్నెండు అంకెలు కొట్టి, ఆపిన ఆటను మళ్లీ కదిలించి, పైమీట నొక్కింది.

తలుపు తెరుచుకుంది. ఎనిమిదో గదిలో నీలం ఆకాశం, కింద తెల్లటి అక్షరాల్లో రెండు పేర్లు. పద్దెనిమిదేళ్లప్పుడు చూసింది, మళ్లీ ఇప్పుడే చూడటం. ఎంత కోపంలో ఉన్నా ఆమెకు సంతోషం కలిగింది. కలిగినందుకు సిగ్గు కూడా వేసింది.

"బాగుందే," అన్నాడు అన్నయ్య మెల్లగా.

"ఇదే మ్యూజియంకు పంపుదాం."

"ముందు ఆ అమ్మాయిని ఒక మాట అడుగుదాం," అని అతను ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. వేగం, పాట, మీటలు అన్నీ కుదిరాయని విని మ్యూజియం అమ్మాయి సంబరపడిపోయింది. ఏడో గది సంగతి చిట్టే చెప్పింది.

"తెరుచుకుందా! ఎమ్యులేటర్‌లో ఏం మార్చారు మేడం?"

"ఎమ్యులేటర్‌లో కాదమ్మా. ఆటలో మార్చాను."

"అయ్యో, అలా కుదరదండీ. అప్పట్లో విడుదలైంది ఎలా ఉంటే అలాగే పెట్టాలి. అయినా తలుపు తెరుచుకోకపోవడమే కదండీ ఈ ఆట గొప్ప? సార్ కావాలనే అలా పెట్టారని ఫలకం మీద కూడా రాయించాం."

"కావాలని పెట్టింది కాదమ్మా. అక్కడ నా పేరుండేది. చెరిపేశారు, అందుకే బిగుసుకుంది. ఆ లెక్కంతా రాసింది నేను."

"అదే నిజమైతే ఫలకం మార్చేస్తాం మేడం, ఎంతసేపు పని. సార్, మీరు చెప్పండి. నిజమేనా?"

పిల్ల మంచిది. నిజంగానే అడుగుతోంది. చిట్టి అన్నయ్య మొహంలోకి చూసింది. అన్నయ్య టీవీ వంక చూశాడు. పేర్లు రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. వదిన అతని వంకే చూస్తోంది.

"అప్పటికి చిన్నపిల్లమ్మా," అన్నాడు. "నా పక్కనే కూర్చునేది. నేను చెబుతుంటే టైపు చేసేది. పాపం, చాలా సాయం చేసింది."

"ఆ రోజుల్లో రాసిన కాగితాలేమైనా ఉన్నాయా మేడం?"

రూళ్ల పుస్తకం అన్నయ్య దగ్గరే ఉండిపోయింది. "ఇల్లు మారినప్పుడు పోయిందమ్మా," అంది వదిన, ఎవరూ అడక్కుండానే.

"సరేనండీ." అమ్మాయి గొంతు తేలికపడింది. "అయితే మేడం, ఎమ్యులేటర్ సరిచేశారు కాబట్టి ఫలకం అడుగున 'సాంకేతిక సహాయం' అని మీ పేరు వేస్తాం. అక్షరాలు కాస్త చిన్నవి ఉంటాయి, ఏమనుకోకండి. పేరు చెబుతారా?"

వద్దనాలి. అక్కర్లేదమ్మా అని ఒక్క మాట అనేసి, సంచి సర్దుకుని, ఈ గడప మళ్లీ తొక్కకుండా వెళ్లిపోవాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చెప్పవే, ఇంటిపేరుతో సహా చెప్పు," అన్నాడు అన్నయ్య పెద్దరికంగా.

చిట్టి చెప్పింది. అవతల సరిగ్గా వినపడలేదంటే, ఫోన్ దగ్గరికి వంగి, ఒక్కో అక్షరం విడదీసి మళ్లీ చెప్పింది.