అడ్డుపూస

ఈ ఉదయం నుంచి మా వదిన పొట్టి అవుతోంది. నేను ఒక్కో పూస గుచ్చినప్పుడల్లా బియ్యపుగింజంత తగ్గుతోంది. టిఫిను వేళకి నా భుజం దాకా ఉండేది, ఇప్పుడు కుట్టుమిషను ఎత్తుకి వచ్చింది. చీర కూడా ఆమెతోపాటే తగ్గుతోంది కాబట్టి ఇబ్బందేమీ లేదు.

"కదలకు వదినా, దారం వణుకుతోంది," అంటాను.

"నాను కదల్లేదు. బల్లే పైకెళ్ళిపోతంది," అంటుంది.

ఆమె పేరు వరాలు. మా ఆయనకి అక్క. అన్నయ్యగారు పోయాక మెడలోంచి తీసేసిన నల్లపూసలు, పగడాలు, ముత్యాలు ఒక పౌడరు డబ్బాలో పోసి ఉంచుకుంది. ఆ డబ్బా నిన్న మధ్యాహ్నం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పూసల నగలు చేస్తాను. కొన్న సరుకుతో చేసేది తక్కువ, ఇచ్చిన సరుకుతో చేసేదే ఎక్కువ. తెగిన గొలుసులు, జత పోయిన జూకాలు, పాత జాకెట్ల గుండీలు, ఎవరో ఒకరు తెచ్చి ఇస్తూనే ఉంటారు. నగ తీసుకునేవాళ్ళకి ఆ ఇచ్చినవాళ్ళ పేరు కూడా చెప్పి మరీ ఇస్తాను. ఆ విషయంలో నాకు కాస్త గర్వం ఉంది.

"డబ్బాలో ఉంటే ఏటి లాభం?" అంది వదిన నిన్న. "ఎవరి మెళ్ళోనైనా పడితే ఎండ చూస్తాయి. నాకింకేటీ అక్కర్లేదు హైమా. ఇవి మా వరాలొదినవని ఒక్క మాట చెప్పీ. చాలు."

"దానికేముంది, చెప్తాను," అన్నాను.

చిక్కంతా ఒకటే. ఈ దండ రాజ్యంగారి అమ్మాయి పెళ్ళికి. నల్లపూసలు కదా, ముత్తయిదువ చేత్తో గుచ్చాలని, పూసలు కొత్తవే అయ్యుండాలని ఆవిడ మొదటే చెప్పారు. వదిన డబ్బాలో ఉన్న నలుపు నాకు బజారులో ఎక్కడా దొరకలేదు. మూత తీసి చూశాక నా చెయ్యి నా మాట వినలేదు.

పూసలు గుచ్చేముందు దారం చివర ఒక పూసని అడ్డంగా కట్టాలి. దాన్ని అడ్డుపూస అంటాం. అది లేకపోతే ఇటు గుచ్చినవి అటు జారిపోతాయి. దండ పూర్తయ్యాక, కొక్కెం బిగించాక, అడ్డుపూసని కత్తిరించి తీసేస్తాం. అది దండలో లెక్కకి రాదు. ఈ రోజు పొద్దున్న అడ్డుపూసకి తగినది చేతికి దొరక్క వెతుక్కుంటుంటే వదిన వచ్చి దారం కొస పట్టుకుంది.

"వెతుకులాటెందుకు, నానొట్టుకుంటాన్లే. నువ్వు గుచ్చీ."

అప్పటి నుంచి పట్టుకునే ఉంది. కాఫీ కూడా ఒంటిచేత్తోనే తాగింది.

గుచ్చేముందు ప్రతి పూసనీ కంటి దగ్గర పెట్టుకుని చూస్తాను, రంధ్రం పూడిపోయిందేమోనని. ఒకదాంట్లో వదిన బస్సు కిటికీ పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలిచి అన్నయ్యగారికి ఇస్తోంది. ఇంకోదాంట్లో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి, నువ్వు లోపలికి జరుగు అంటే నువ్వు జరుగు అని తగువులాడుకుంటున్నారు. తగువు తేలేలోగా ఇద్దరూ తడిసిపోతున్నారు. నా సూది లోపలికి వెళ్తుంది. అక్కడ దీపం తీసేసినట్టు అవుతుంది. తర్వాతి పూస తీసుకుంటాను.

"అంతసేపు చూస్తన్నావు, ఏటుంది?" అంటుంది వదిన. ఇప్పుడామె బల్లమీద, కత్తెర పక్కన కూర్చుని ఉంది. చెంబంత ఉంది.

"దుమ్ముందేమోనని."

"ఉంటే ఉండనీ. ఊదీకు."

మధ్యాహ్నం మబ్బు పట్టి కరెంటు పోతుంది. ఫరవాలేదు, నా చెవులు ఎర్రగా కాలుతున్నాయి, ఆ వెలుగు చాలు. నల్లపూసల మీద అది చక్కగా పడుతోంది. పగడాలు మాత్రం కనిపించడం లేదు, వాటి రంగూ నా చెవుల రంగూ ఒకటే అయిపోయాయి. నా నీడ నా పక్కన కూర్చోవడానికి ఇష్టపడక లేచి వెళ్ళి వదిన వెనకాల కూర్చుంది. కూర్చున్నాక కొంగు మొహం మీదికి లాక్కుంది.

నాకు సిగ్గుగా ఉంది. రాజ్యంగారు వచ్చాక ఏం జరుగుతుందో నాకు ఇప్పుడే తెలుసు. చెప్పనని తెలుసు. తెలిసీ గుచ్చుతున్నాను. ఇంత బాగా నేనెప్పుడూ గుచ్చలేదు.

ఆఖరి పూస ఎక్కేసరికి మెట్ల చప్పుడు వినిపిస్తుంది. మా మెట్లు మర్యాద తెలిసినవి, వచ్చేవాళ్ళకి వీధి దాకా ఎదురెళ్ళి తీసుకొస్తాయి. రాజ్యంగారు, పెళ్ళికూతురు నీలిమ, పసుపు కుంకాల పళ్ళెంతో ఇద్దరు ముత్తయిదువలు పైకి వస్తున్నారు.

వదిన ఇప్పుడు లవంగమంత ఉంది.

"వదినా," అంటాను నెమ్మదిగా, "కాసేపు లోపలి గదిలో ఉంటావా?"

ఆమె నన్ను చూస్తుంది. అంత చిన్న మొహంలో ఆ చూపు మాత్రం తగ్గలేదు.

"ఎల్లిపోదును గానీ, ఒగ్గేస్తే పూసలన్నీ జారిపోవా?"

నిజమే. కొక్కెం ఇంకా బిగించలేదు. నేను స్టీలు గ్లాసు తీసి ఆమె మీద బోర్లిస్తాను. దారం గ్లాసు అంచు కిందినుంచి వస్తుంది. గ్లాసు పైన నా మొహం పొడుగ్గా, ఎవరిదోలా కనిపిస్తుంది.

వాళ్ళు చాప మీద కూర్చుంటారు. రాజ్యంగారు దండని రెండు చేతులతో ఎత్తి చూస్తారు. ఆవిడ మంచి మనిషి, కాకపోతే ఆనవాయితీ దగ్గర పట్టు విడవరు.

"ఇంత నలుపు ఈ మధ్య ఎక్కడా చూళ్ళేదమ్మా. ఎక్కడివివి?"

నేను నోరు తెరుస్తాను. వదిన పేరు నాలుక మీదికి వస్తుంది. బయట పడేది మాత్రం ఒక నల్లపూస. అది చాప మీద దొర్లి రాజ్యంగారి మోకాలి దగ్గర ఆగుతుంది. ఆవిడ దాన్ని తీసి దండ పక్కన పెట్టి పోల్చి చూస్తారు.

"ఇదీ ఆ బాపతే," అంటారు.

"బందరు నుంచి తెప్పించానండి," అంటాను. ఈ మాటకి పూస పడదు. సాఫీగా వస్తుంది.

"కొత్తవేగా?"

"కొత్తవే."

గ్లాసు లోపల టింగుమంటుంది.

"అదేంటమ్మా చప్పుడు?"

"బల్లి అండి," అంటాను. ముత్తయిదువల్లో ఒకావిడ బల్లి పడిన దిక్కు మంచిదో కాదో ఆలోచించి, మంచిదేనంటుంది.

నీలిమ దండని మెడకి ఆనించుకుంటుంది. కళ్ళు మూసుకుంటుంది.

"వెచ్చగా ఉన్నాయమ్మా. ఎవరో ఇప్పుడే మెళ్ళోంచి తీసి ఇచ్చినట్టున్నాయి."

"ఎండకి ఉంటాయిలే," అంటారు రాజ్యంగారు. బయట మబ్బు అలాగే ఉంది.

"ఎవరివైనా నాకేం పట్టింపు లేదాంటీ," అంటుంది నీలిమ నాతో. "పేరు తెలిస్తే పెళ్ళిలో ఒకసారి తల్చుకునేదాన్ని."

ఇంతకంటే ఎవరు అడుగుతారు? తలుపు బార్లా తీసి పెట్టినట్టు అడిగింది. నేను నోరు తెరవను. తెరిస్తే పూస పడుతుందని కాదు. ముత్తయిదువల చేతులు పళ్ళెం మీదినుంచి వెనక్కి వెళ్ళడం చూడాల్సి వస్తుందని. రేపు వాళ్ళు వీధిలో నా గురించి అనుకునే మాటలు నాకు ఇప్పుడే వినపడుతున్నాయని. తల వంచి కొక్కెం బిగిస్తాను. నా చెవుల వెలుగులో అందరి మొహాలూ ఎర్రగా, పెళ్ళికళతో ఉన్నాయి.

"ఇంకా ఈ దారమేంటి, గ్లాసు కిందికి పోయింది?" అంటారు రాజ్యంగారు.

"అడ్డుపూసండి. తీసేస్తాను."

గ్లాసు కొంచెం ఎత్తుతాను. వదిన పూసంత అయింది. రెండు చేతులతో దారాన్ని పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడి ఉంది. పొద్దుటి నుంచి పట్టుకుని అరచేతులు కందిపోయాయి.

"చెప్పీసేవా?" అంటుంది. ఆ గొంతు నాకొక్కదానికే వినబడేంత ఉంది.

"ఇదిగో, చెప్తాను," అంటాను. కత్తెర వేస్తాను.

వాళ్ళు లేస్తారు. మెట్లు వాళ్ళని వీధిలోకి దింపుతాయి. మబ్బు విడుతుంది, కింద నీలిమ ఇంకా మెడకి ఆనించుకునే ఉన్న దండ మీద ఎండ పడుతుంది. పూసలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. ఎండ చూడాలన్నది, చూశాయి. కరెంటు వస్తుంది. నా నీడ మాత్రం రాదు, వాళ్ళ వెనకాలే పళ్ళెం పట్టుకుని నడిచి వెళ్తోంది.

అరచేతిలో ఒక్క పూస మిగిలింది. "వదినా," అంటాను. చెవి దగ్గర పెట్టుకుంటాను. "వదినా, అవి నీవని చెప్తాను, రేపే వాళ్ళింటికెళ్ళి చెప్తాను," అంటాను. ఈ మాట సాఫీగానే వస్తుంది.

పూసని కంటి దగ్గర పెట్టుకుని చూస్తాను, రంధ్రం పూడిపోయిందేమోనని.

లోపల పెద్ద హాలుంది. నిండా ఆడవాళ్ళున్నారు, ఎవరి మెడలోనూ ఏమీ లేదు. మధ్యలో మా వదిన కూర్చుని ఉంది, తన పూర్తి ఎత్తున, నిన్నటికంటే పొడుగ్గా. ఒడిలో పౌడరు డబ్బా ఉంది. డబ్బాలోంచి ఒక్క పూస తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని కంటి దగ్గర పెట్టుకుంటుంది. ఆమె కన్ను పెద్దదై, దగ్గరై, నా గదినంతా నింపేస్తుంది. నా చెవుల వెలుగు ఆ కంటిపాపలో చిన్న పగడంలా కనిపిస్తోంది.

"ఎక్కడిదమ్మా ఈ పూస?" అని పక్కనున్నావిడ అడుగుతుంది.

"ఇది మా హైమ," అంటుంది వదిన అందరికీ వినబడేలా. "మా మరదలు. మా తమ్ముడి పెళ్ళాం. చెయ్యి చాలా మంచిది."

అందరూ మెడలు సాచి నన్ను చూస్తారు. వదిన సూదికి దారం ఎక్కించి, కొస తన పళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని, నా గొంతులో మాట ఆగిపోయినచోట ఉన్న రంధ్రం వెతుక్కుని, నొప్పి లేకుండా గుచ్చుతుంది.