ముందొచ్చే పొగ

రైలు గేటవతలి పేటలో పొద్దున్నే తలుపు తీసినవాళ్లు పళ్లు తోముకునే ముందు ఒకసారి ముక్కెగరేసి గాలి పీల్చేవారు. ఏ వాసనా లేకపోతే బిందె తీసుకుని కుళాయి దగ్గరికి పోయేవారు. పొగ వాసన తగిలితే మాత్రం బిందె పక్కన పెట్టి, అది ఎవరింట్లోంచి వస్తోందో కనుక్కుని, కొంగు బిగించేవారు.

ఆ పేటలో పొగ మంటకన్నా ముందొస్తుంది. ఇవాళ పొగ కనబడితే రేపు ఆ ఇల్లు అంటుకుంటుంది. ఆ పొగ చల్లగా ఉంటుంది. కళ్లు మండవు, గోడలు నల్లబడవు. కాలబోయేది కలపైతే కలప వాసన, రంగుల డబ్బాలైతే రంగుల వాసన. పొయ్యి ఆర్పినా, కరెంటు తీసేసినా, గోడలన్నీ తడిపినా లాభం లేదు. అంటుకునేది అంటుకునే తీరుతుంది.

ఫైరింజను రావాలంటే నగరం ఆ చివర్నుంచి బయల్దేరాలి. రైలు గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా ఆగాలి. తర్వాత సందు మొదట్లో ఇరుక్కోవాలి. అంతా అయి వచ్చేసరికి బూడిద కూడా చల్లారిపోయేది. ఆ అవస్థ చూడలేక పొగే కాస్త ముందు బయల్దేరడం మొదలుపెట్టిందని పెద్దవాళ్లు చెప్పేవారు.

అందువల్ల ఇల్లు ఖాళీ చేయడం పేటవాళ్లకు చిన్నప్పట్నుంచీ చేతికొచ్చిన విద్య. గిన్నెలు ఎదురింటికి, బట్టలు పక్కింటికి, పెట్టెలు మూలింటికి. ఎవరు ఏది మోయాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటివాళ్లు ఊళ్లో లేకపోతే తాళాలు బాగుచేసే మనిషి వచ్చి తలుపు తీసేవాడు. అందరూ అతన్ని తాళాలాయన అనేవారు. పొగలోకి అందరికన్నా ముందు దూరేదీ, అందరికన్నా చివర బయటికి వచ్చేదీ అతనే. వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాల్సిందే.

"ఉత్త చేతులతో వస్తే నాకు నామోషీ" అనేవాడు. ఒకసారి తేవడానికి ఇంకేమీ మిగల్లేదని గోడకున్న మేకు పీక్కొచ్చాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఫైర్ డిపార్ట్‌మెంటు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఈ పేటకు సొంతంగా ఒక రెస్క్యూ యూనిట్ కావాలని ఎవరో అర్జీ పెట్టుకున్నారట. నిజంగా అవసరమో కాదో చూసి చెప్పడం ఆమె పని. ఇంతకుముందు కూడా ఇలా ఒకరిద్దరు వచ్చి వెళ్లారు. ఆఫీసర్లు వస్తున్నారని తెలిస్తే చాలు, పేటవాళ్లు కాలిన గోడలకు సున్నం కొట్టి, సందు శుభ్రం చేసి, పెళ్లివారికి ఎదురొచ్చినట్టు నిలబడేవారు. ఈసారీ అంతే చేశారు.

"ఇక్కడ మంటల్లో ఎవరైనా చనిపోయారా?" ఆఫీసరమ్మ అడిగింది.

"ఛ, ఛ! ఒక్క ప్రాణం పోతే ఒట్టు" తాళాలాయన ఛాతీ విరుచుకున్నాడు. "ప్రాణం దాకా ఎందుకు మేడమ్, గిన్నె మీద మూత కూడా పోలేదు."

"మరి యూనిట్ ఎందుకు అడిగారు?"

జనం పక్కకు జరిగారు. వెనక నించి పరుపులు కుట్టే ఆవిడ ముందుకొచ్చింది. జుట్టు నిండా దూది పోగులు.

"అడిగింది నేనండీ. కింద నా కొట్టు, పైన మా కాపురం. మా అత్తయ్య పైనే మంచంలో ఉంది. తుంటి విరిగింది. మనిషి భారీ మనిషి. రేపు మా ఇంట్లో పొగొస్తే ఆవిణ్ణి దించేదెట్లా?"

"మేం లేమా చెల్లెమ్మా? ఎన్ని పెట్టెలు దించలేదు?" అన్నాడు తాళాలాయన.

"ఆవిడ పెట్టె కాదన్నా! పెట్టెనైతే నిలువుగా తిప్పుతావు. ఆవిణ్ణి తిప్పి చూడు, నీ చెవులు ఊడొస్తాయి."

ఆఫీసరమ్మ ఆ మేడ చూస్తానంది. మెట్లు ఇనప మెట్లు, స్తంభం చుట్టూ తిరిగి తిరిగి పైకి పోతాయి. ఒక మనిషి ఎక్కుతుంటే ఇంకో మనిషి దిగలేడు. పైన గదిలో పెద్దావిడ మంచమంతా ఆక్రమించుకుని పడుకుని ఉంది.

"రామ్మా, కూర్చో. నన్ను కొలవడానికి టేపు తెచ్చావా?"

ఆఫీసరమ్మ నవ్వబోయి ఆగింది. నేల సందుల్లోంచి తెల్లగా, చల్లగా, దూది వాసనతో పొగ పైకి వస్తోంది.

"అదుగో, వచ్చింది మా చుట్టం" అంది పెద్దావిడ.

కింద సందులో అప్పటికే అందరూ కదిలారు. దూది మూటలు ఎదురింటికి, కుట్టు మిషను మూలింటికి. మోసేవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే మోశారు. చివరికి నలుగురు పైకొచ్చి మంచాన్ని ఎత్తారు. మంచం మొదటి మలుపులోనే తట్టుకుంది. పెద్దావిడ పెట్టిన కేకకు కోడలు చెవులు మూసుకుని ఏడ్చేసింది. మంచాన్ని మళ్లీ గదిలోకి చేర్చారు.

"నన్నొదిలెయ్యండర్రా. దూదే గదా, మెత్తగా పోతాను."

"నోరు మూసుకో అత్తయ్యా!" అంది కోడలు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

ఆఫీసరమ్మ తన కంట్రోల్ రూముకే ఫోన్ చేసింది.

"మంట ఉందా మేడమ్?"

"ఇంకా లేదు. వస్తుంది."

"వచ్చాక చెయ్యండి మేడమ్, వెంటనే పంపుతాం."

"మాకూ అదే చెబుతారండీ" అంది కోడలు, ముక్కు తుడుచుకుంటూ.

"మంట సంగతి వదిలెయ్!" ఆఫీసరమ్మ ఫోన్లో గొంతు పెంచింది. "కదల్లేని మనిషిని మేడ మీంచి దించాలి. తాళ్లు, స్ట్రెచరు, నిచ్చెన తీసుకుని రెస్క్యూ వాళ్లు రావాలి."

రెస్క్యూ బండి నగరం మొత్తానికీ ఒక్కటే. అది ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లను తీస్తోందట. ఆ పని అయ్యాక వస్తారట. ఆఫీసరమ్మ మంచం పక్కనే కూర్చుంది. తొందరేముంది, మంట రేపు కదా అనుకుంది పైకే.

"రేపని ఎవరన్నారు?" పెద్దావిడ దిండు మీద తల తిప్పింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో పొగ రెండు రోజుల ముందొచ్చేది. తర్వాత ఒక రోజైంది. మొన్న చెప్పుల కొట్టుకి పొద్దున పొగొచ్చి అదే రోజు అంటుకుంది. దానికి మాత్రం వయసు రాదూ? ఎన్నాళ్లని ముందు పరిగెడుతుంది?"

ఆఫీసరమ్మ లేచి కిటికీలోంచి సందు చివరికి చూసింది. తర్వాత మళ్లీ మళ్లీ చూసింది.

ఎండ వాలాక వచ్చారు వాళ్లు. బండి సందులో పట్టక మొదట్లోనే వదిలేసి, తాళ్లు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చారు. తాళాలాయన కిటికీ చట్రం ఊడదీసి దారి చేశాడు. పెద్దావిణ్ణి స్ట్రెచరుకు కట్టి, నెమ్మదిగా గాల్లోకి వదిలారు. కింద పేటంతా మెడలు చాపి నిలబడింది.

"నా పెళ్లికి కూడా ఇంతమంది రాలేదే!" అంది ఆవిడ మధ్యలో వేలాడుతూ.

ఆవిడ నేలకు దిగుతుండగా పైన ఎవరో దగ్గారు. తాళాలాయన. ఖాళీ గదిలో ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి వెళ్లాడు. ఆ పేటలో పొగకు దగ్గిన మనిషి లేడు. అందుకని కిందవాళ్లకు నవ్వొచ్చింది. "చూడు చూడు, దగ్గుతున్నాడు!" అన్నారు. ఇద్దరైతే మిగిలిన దుప్పట్లు తేవడానికి మెట్ల వైపు నడిచారు కూడా.

"ఆగండి!" ఆఫీసరమ్మ మెట్లకు అడ్డంగా నిలబడింది. "అది రేపటి పొగ కాదు, ఇవాళ్టిది!"

రెస్క్యూ వాళ్లు నిచ్చెనెక్కి కిటికీలోంచి తాళాలాయన్ని లాగి కిందికి దించేసరికి గది లోపల ఎర్రగా అయింది. స్పృహ తప్పిన మనిషి చేతిలో దిండు మాత్రం అలాగే ఉంది.

ఆఫీసుకు పోయాక పెద్ద ఆఫీసరు అడిగాడు. "ఈసారి కూడా ఎవరూ పోలేదుగా?"

"పోలేదు సార్. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరి గురించి చెప్పేదాన్ని."

నాన్చి నాన్చి చివరికి ఒప్పుకున్నారు. గేటవతలే ఒక షెడ్డు, సందులో పట్టే చిన్న బండి, నిచ్చెన, తాళ్లు, నలుగురు మనుషులు. గేటవతలికి పోవడానికి ఏ ఆఫీసరూ ఇష్టపడలేదు కాబట్టి ఆ యూనిట్ బాధ్యత కూడా ఆమె మీదే పడింది.

షెడ్డు తలుపులు తీసిన రోజు నుంచి పొగ ముందు రావడం మానేసింది. లోకంలో అన్నిచోట్లా వచ్చినట్టే మంటతో కలిసి వస్తోంది. కొందరు సణిగారు. "మీరొచ్చారు, మా పొగ పోయింది" అని మొహం మీదే అన్నారు. ఆఫీసరమ్మకు మనసు చివుక్కుమంది. అత్తా కోడళ్లిప్పుడు తాళాలాయన కొట్టు ఎదురుగా కింది వాటాలో ఉంటున్నారు. అక్కడికెళ్లి పెద్దావిడతో ఆ మాటే చెప్పుకుంది.

"అదేమన్నా జీతానికి చేసిందా అమ్మా? ఎవరూ లేరు గదా అని చేసింది. ఇప్పుడు మీరున్నారుగా. పాపం, దాన్ని పడుకోనివ్వండి."

ఇక పేటకు కొత్త పాఠం మొదలైంది. పొగ కనబడితే ఏదీ ముట్టుకోకుండా బయటికి రావాలి. వినడానికి ఇంత చిన్న పాఠమే గానీ, చేతులు వినవు కదా. ఉత్తుత్తి గంట కొట్టి పరీక్ష పెడితే ఒకావిడ మిక్సీతో వచ్చింది. తాళాలాయన గోడ గడియారంతో వచ్చాడు. వెనక్కి పంపితే చెప్పులు పట్టుకుని వచ్చాడు.

"చెప్పులు కూడా వద్దా మేడమ్?"

"కాళ్లకుంటే సరే. చేతిలో వద్దు."

ఒక మధ్యాహ్నం అతని కొట్టులోనే, తాళంచెవులు కోసే మిషను దగ్గర మంట లేచింది. గోడ నిండా పేటవాళ్ల మారు తాళంచెవులు. బల్ల మీద వాళ్ల నాన్న సుత్తి. తాళాలాయన చెయ్యి అటు పోయింది. వేళ్లు పిడికి తగిలాయి కూడా. అక్కడే కాసేపు ఉండి, వెనక్కొచ్చాయి.

అతను రోడ్డు మీదికి వచ్చి రెండు అరచేతులూ చాపి చూపించాడు.

"ఏమీ తేలేదు మేడమ్" అన్నాడు.

ఆఫీసరమ్మకు జవాబు చెప్పే తీరిక లేదు. నీళ్ల గొట్టంతో ఆమె మనుషులు అతన్ని దాటుకుని లోపలికి పోతున్నారు. అతనికి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎదురింటి కిటికీలోంచి పెద్దావిడ పిలిచింది.

"ఒరేయ్, చేతులు ఖాళీయేగా! ఇటొచ్చి నన్ను కాస్త లేపి కూర్చోబెట్టు. అక్కడేం జరుగుతోందో నాకు కనబడి చావట్లేదు."