రబ్బరు షీటులో చుట్టిన స్టాంపు

ఇంకాస్త దగ్గరకు జరగండర్రా. గొంతు పెంచే ఓపిక నాకు లేదు, చెవులు రిక్కించే ఓపిక మీకుండాలి. మా పెద్దాడపడుచు సంగతి చెబుతాను. వదినా అని పిలిచేదాన్ని. నా చదువు అంతంతమాత్రమే గానీ, ఆ రోజు ఆ గదిలో ఎవరెక్కడ కూర్చున్నారో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెప్పగలను.

మా మామగారిది పాత స్టాంపుల వ్యాపారం. ఇంటి ముందు గదే కొట్టు. గాజు పలక వేసిన బల్ల, మెడ వంచే దీపం, భూతద్దం, చిన్న పట్టకారు. స్టాంపును ఎవరైనా వేలితో ముట్టుకుంటే ఆయనకు ఒళ్ళు మండేది. ఆయన పోయాక ఆ కుర్చీలో వదిన కూర్చుంది. చిన్నప్పటి నుంచీ తండ్రి పక్కనే ఉండి నేర్చుకున్న మనిషి, గద్ద కన్ను. అయినా ఏం లాభం? వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి, "పెద్దాయన లేరా?" అని అటునుంచి అటే పోయేవారు. మా మరిది ఇక లాభం లేదని, కొట్టు దర్జీకి అద్దెకిచ్చేద్దామని మొదలెట్టాడు.

అంతలో అటక దులుపుతుంటే మామగారి పాత కవరొకటి బయటపడింది. తడి తగలకూడదని అత్తగారు దాన్ని రబ్బరు షీటులో చుట్టి, కట్టు మీద కట్టు కట్టి దాచారు. దాని మీద రెండు స్టాంపులు. నీలం రంగుది పక్కదాని అంచు మీదికి కొంచెం ఎక్కి ఉంది. ఆ పక్కది ముదురు గోధుమ రంగు. నిజానికి ఆ స్టాంపు నారింజ రంగులో అచ్చయ్యేది. ఒక్కసారి మాత్రం అచ్చాఫీసులో సిరా తారుమారై కొన్ని గోధుమ రంగులో వచ్చాయట. అలాంటిది దొరికితే పంట పండినట్టే. మరిది ఎగిరి గంతేసి, అవి సేకరించే పెద్దమనిషికి ఫోన్ కూడా చేసేశాడు.

వదిన కవరును ముక్కు దగ్గర పెట్టుకుంది. "తొందరపడ్డావురా. ఇది రంగు మారిన నారింజ."

"వాసన చూసి రంగు చెబుతావేంటక్కా?"

"ఈ సిరాలో సీసం ఉంటుంది, రబ్బరులో గంధకం ఉంటుంది. రెండూ ఏళ్ళ తరబడి ఒకచోట మగ్గితే ఇలాగే నల్లబడుతుంది."

అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "అంటే నా జాగ్రత్తే కొంప ముంచిందంటావా?"

"నీ జాగ్రత్త తడిని ఆపింది గానీ గంధకాన్ని ఆపలేదమ్మా."

మరిది గొంతు తగ్గించాడు. "ఆయనకివన్నీ తెలియవక్కా. నువ్వు ఊఁ అంటే కొట్టు నిలుస్తుంది. కాదంటే దర్జీ మిషన్లు దిగుతాయి."

"నేను ఊఁ అంటే స్టాంపు అమ్ముడవుతుంది. కొట్టు నిలవదు," అంది వదిన.

మర్నాడు పెద్దమనిషి రానే వచ్చాడు. పోల్చుకోవడానికి తన ఆల్బం కూడా తెచ్చుకున్నాడు. కవరు చూడగానే, "ఇదే! నా దానికి జోడీ దొరికింది!" అన్నాడు.

"ఆగండి. ఈ నీలందాన్ని లేపి చూపిస్తాను."

"లేపితే కవరు విలువ పడిపోదూ?"

"పడుతుంది. మా కవరే కదండీ."

నీలం స్టాంపు మీద తడిపిన అద్దుడు కాగితం పరిచింది. దీపం పట్టుకున్నది నేనే. మరిది గోళ్ళు కొరుక్కుంటూ గోడకు ఆనుకున్నాడు. జిగురు నానాక పట్టకారుతో మెల్లగా లేపితే, గంధకం సోకకుండా కింద దాగిన అంచు అప్పుడే ఒలిచిన నారింజ తొనలా మెరిసింది!

పెద్దమనిషి మొహం పాలిపోయింది. తన ఆల్బం తెరిచి, "మరి నాది? ఇది అసలైనదేనని పేరున్నవాళ్ళే చెప్పారు," అన్నాడు.

"పుండ్లు కడిగే నురగ మందు చుక్క మూలన తాకించాలి. రంగు మారిన నారింజ మళ్ళీ నారింజవుతుంది. అచ్చులోనే గోధుమైతే కదలదు. తాకించమంటారా?"

"ముందు మీ దాని మీద కానివ్వండమ్మా!"

సన్న కుంచె మొనతో తాకించింది. చూస్తుండగానే మూల నారింజకు తిరిగింది. ఆయన చెమట తుడుచుకుని, తన ఆల్బం ముందుకు తోసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వదిన చెయ్యి వణకలేదు. చుక్క తాకింది, ఆరింది. గోధుమ గోధుమగానే ఉంది.

"కళ్ళు తెరవండి బాబూ. మీది అసలైనదే."

ఆయన చంటిపిల్లాడిలా నవ్వేశాడు. "జోడీ లేకపోతే మరీ మంచిది! ఇదిగోనమ్మా, ఈ ఆల్బమంతా చూసి, దేని విలువెంతో మీ చేత్తోనే రాసివ్వండి. సొంత సరుకునే కాదన్న మనిషి నాకెందుకు అబద్ధం చెబుతుంది?"

ఆయన వెళ్ళాక మరిది తల గోక్కున్నాడు. "మరి దర్జీకి ఏం చెప్పనక్కా?"

"నీ నాలుక కొంచెం పొడుగైంది, కత్తిరించమని చెప్పు."

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. వదిన అప్పటికే ఆల్బం మొదటి పేజీ మీదికి వంగి, "దీపం ఇటు తిప్పవే," అంది నాతో.

ఇదర్రా సంగతి. రేపు మీ పిల్లలు అడిగితే ఈ కథ చెప్పండి. అత్తగారి కట్లు ఇంకో రెండు పెంచినా నేనేమీ అనను గానీ, ఆ చుక్క పెట్టేటప్పుడు మా వదిన చెయ్యి వణకలేదన్నది మాత్రం మర్చిపోకుండా చెప్పండి.