జాకెట్ల కొలతల కాగితం

నేను ఒక కాగితాన్ని. మిల్లు మొహం ఎరగను. మదనపల్లె దగ్గర ఒక బడిలో, ఐదో తరగతి గదిలో పుట్టాను.

చిత్తు కాగితాలతో కొత్త కాగితం చేద్దామని నూర్జహాన్ టీచరు చెప్పింది. పిల్లలు ఇళ్లన్నీ ఊడ్చుకొచ్చారు. హిమజ అనే అమ్మాయి కుట్టుమిషను సొరుగంతా సంచిలో దులుపుకొచ్చింది. అన్నీ చించి నానబెట్టి, మిక్సీలో రుబ్బి, ఆ గుజ్జును నీళ్ల తొట్టిలో కలిపారు. హిమజ జల్లెడలాంటి చట్రాన్ని అందులో ముంచి పైకెత్తింది. నీళ్లు కారిపోగా మిగిలింది నేనే. మందంగా, గరుకుగా ఉన్నాను. గుడ్డ మీద ఆరేశారు.

మనుషుల తీరు నాకు బోధపడదు. కాగితంలో బజ్జీలు తిని, చేతులు తుడుచుకుని, ఉండచుట్టి పారేస్తారు. ఒక్కోసారి ఒక్క ముక్క కోసం ఇల్లంతా తిరగేస్తారు.

మర్నాడు హిమజ తండ్రి ఓబులేసు టమాటా మండీ నుంచి నేరుగా బడికొచ్చి గడప బయట నిలబడ్డాడు.

"టీచరమ్మా, పాప తెచ్చిన కాయితాల్లో మా ఇంటామె రాసిండేది ఒకటుండె. ఈదిలో ఆడోళ్ల జాకెట్ల కొలతలు. ఉందా?"

ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె చేతిరాత మిగిలింది ఆ కాగితం మీదే. సొరుగులో దాన్ని దాచుకున్నట్టు అతను ఎవరికీ చెప్పలేదు. టీచరు నన్ను తెచ్చి చూపించింది. ఓబులేసు నన్ను అటూ ఇటూ తిప్పాడు. అక్కడక్కడ నీలి మరకలు తప్ప నాలో ఒక్క అక్షరం లేదు.

"పోనీలే టీచరమ్మా. పాపకేం తెలుసు," అని వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే హిమజ ఏడ్చి ఊరుకునేదేమో. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. బడి వదలగానే నన్ను అట్టమీద పెట్టుకుని వీధిలో మొదటి ఇంటికి వెళ్లింది. అది రమణమ్మది.

"అవ్వా, మాయమ్మ నీ కొలత ఏం రాసుకునింది?"

"కొలత యాడ గుర్తుంటాది పాపా? చేతులు మాత్రం మోచేయి దాకా పెట్టేది, ఈ కాలిన మచ్చ కనపడకుండా. నేను అడక్కనే."

హిమజ అదే రాసింది. పక్కింటి షమీమ్, తను కడుపుతో ఉన్నప్పుడు హిమజ వాళ్లమ్మ జాకెట్లకు లోపల రెండంగుళాలు ఎక్కువ గుడ్డ వదిలేదని చెప్పింది. ఒకామె నవ్వింది, ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. నా గరుకుకు పెన్ను చిక్కుకుంటుంటే హిమజ నిదానంగా రాసుకుంటూ పోయింది.

పొద్దుగూకే వేళకు నన్ను తండ్రి ముందు పెట్టింది. అతను వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

"ఇది మీయమ్మ రాత కాదు."

"కాదు నాయనా. నాది."

నన్ను మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత, "నాది రాయలేదే?" అన్నాడు.

"నీకూ కుట్టిందా?"

"ఒకే ఒక చొక్కా, పెండ్లయిన కొత్తలో. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అయినా దాన్నే ఏసుకోని ఊరంతా తిరిగినా."

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె మాట అతను ఎత్తింది లేదు. హిమజ పెన్ను పట్టుకుని దగ్గరగా జరిగింది. ఓబులేసు చెప్పుకుంటూ పోతున్నాడు. నాలో చోటు చాలదేమోనని నాకు భయం వేసింది.